మా ఆవిడ నాలుక మీద తెల్లపూత

మా ఆవిడ టీ నోట్లో పోసుకుని ఉమ్మేస్తుంది. అందుకు కంపెనీవాళ్లు ఆమెకు నెలనెలా జీతమిస్తారు. పెళ్లికి ముందు ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ, “తాగినందుకు కాకుండా ఉమ్మినందుకు జీతమేంట్రా?” అంది. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ని. రోజంతా పైకీ కిందికీ తిరిగి, సాయంత్రానికి బయల్దేరిన చోటే తేలే ఉద్యోగం నాది. ఇంకొకరి పనిని వెక్కిరించే అర్హత నాకు లేదని ఊరుకున్నాను.

ఆమె పనిచేసే గది నాకు బాగా తెలుసు. ఆ భవనంలో సరుకు లిఫ్టు మరమ్మతు నాదే. పొడవాటి గది, ఒక పక్కంతా ఉత్తరం వైపు కిటికీలు. ఎండ నేరుగా పడితే డికాషన్ రంగు మోసం చేస్తుందట. కిటికీల కింద తెల్లపలకల అరుగు, దాని మీద వరసగా నలభై తెల్లకప్పులు. తూచిన ఆకు వేసి, మరిగే నీళ్లు పోసి మూతపెడతారు. ఆరు నిమిషాలకు గంట మోగుతుంది. అప్పుడు టేస్టర్లు చెంచాతో డికాషన్ తీసుకుని జుర్రుమని పీలుస్తారు. అదే చప్పుడు పిల్లలు భోజనం దగ్గర చేస్తే వీపు విమానం మోత మోగుతుంది. నోరంతా తిప్పి, పక్కనే చక్రాల మీద దొర్లే తొట్టిలో ఉమ్మి, ఒక్క మాట అంటారు. ఆ మాటను బట్టి వందల పెట్టెల సరుకు లోపలికి రావడమో వెనక్కి పోవడమో జరుగుతుంది. మా ఆవిడ మాటలు మరీ వింత. “తడిసిన అట్టపెట్టె.” “కొత్త చెప్పులు.” “సున్నం వేసిన గోడ.”

పందొమ్మిదేళ్లప్పుడు ఆమె ఆ గదిలోకి కప్పులు కడిగే పనికి వెళ్లింది. పెద్ద టేస్టర్ను అందరూ పెద్దాయన అంటారు. ఒకరోజు ఆయన ఏడో కప్పు రుచి చూసి ముఖం చిట్లించి, ఆ సరుకంతా వెనక్కి పంపెయ్యమన్నాడు. సింకు దగ్గర్నుంచి ఈవిడ, “తప్పు ఆకులో లేదండీ, ఆ కప్పు నేను కొత్త గుడ్డతో తుడిచాను. అది గంజి వాసన” అంది. పెద్దాయన ఆ గుడ్డ తెప్పించుకుని కొస నోట్లో పెట్టుకుని చూశాడట. మర్నాటి నుంచి ఆమె చేతికి చెంచా వచ్చింది. ఆ సాహసానికి కారణం ధైర్యమని చాలామంది అంటారు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. ఏదైనా ఎందుకలా అయిందో తెలిశాక చెప్పకుండా ఉండలేదు, అంతే.

ఆమెకు చర్మం జబ్బు ఇరవయ్యారో ఏట వచ్చింది. గొంతునొప్పి తగ్గిన రెండు వారాలకు మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచి, వాటి మీద తెల్లటి పొలుసులు కట్టాయి. తర్వాత తలలో, ఆ తర్వాత వీపు మీద. సోరియాసిస్ అన్నారు. ఎవరికీ అంటుకోదు, కానీ వచ్చినదాన్ని వదిలిపోదు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగం పొరపాటున సొంత చర్మం మీదే విరుచుకుపడుతుందని, నెల రోజుల్లో పుట్టి రాలాల్సిన చర్మం నాలుగైదు రోజుల్లోనే పుట్టి రాలిపోతుందని డాక్టరు చెప్పాడు. “అంత తొందరేంటి దానికి?” అని ఈవిడ అడిగింది. ఏడవాల్సిన సమయంలో ఇలాంటి ప్రశ్న వేస్తే డాక్టరు మాత్రం ఏం చెబుతాడు?

వంకాయ తినొద్దన్నవాళ్లు, వంకాయే తినమన్నవాళ్లు, బస్సులో పక్క సీట్లోంచి లేచిపోయినవాళ్లు, వీళ్లెవరి గురించీ నేను మాట్లాడను. మాట్లాడితే నాకు రక్తపోటు పెరుగుతుంది.

తర్వాత ఇరవై ఏళ్లలో ఎన్ని మందులు మారాయో! ప్రతి మందునూ ఆమె తన ఉద్యోగంతో కొలిచేది. మొదట తారు కలిసిన లేపనం. మచ్చలు కాస్త తగ్గాయి గానీ, సెంటు పూసుకుని కూడా అడుగుపెట్టకూడని గదిలోకి తారు వాసనతో ఎలా వెళ్తుంది? సెలవు రోజుల్లోనే రాసుకునేది. ఆ రెండు రోజులూ మా ఇల్లు కొత్తగా వేసిన రోడ్డులా ఉండేది. తర్వాత స్టెరాయిడ్ క్రీము. బాగా పనిచేస్తోంది కదాని చెప్పినదానికంటే ఎక్కువ రోజులు రాసుకుంది. మోచేతి మడతల్లో చర్మం ఉల్లిపొరలా పలచబడి, తలుపు తగిలినా కమిలిపోయేది. ఆ తర్వాత వారానికొక్కసారి వేసుకునే మాత్ర. మర్నాడంతా కడుపులో తిప్పడం, నోట్లో పుండ్లు. శుక్రవారం వేసుకుంటే సోమవారానికి నాలుక దారిలోకొస్తుందని కనిపెట్టింది. కాలేయం దెబ్బతింటోందేమోనని మూడు నెలలకోసారి రక్తం తీసి చూసేవారు. ఒకసారి తేడా కనబడింది, మాత్ర ఆపేశారు, మచ్చలు రెట్టింపుగా తిరిగొచ్చాయి.

ఈ ఇరవై ఏళ్లూ ఆమె పొడుగుచేతుల బట్టలే వేసుకుంది. మండే ఎండలో కూడా. నేను ఎప్పుడూ ఏమీ అనలేదు. అదే నా మంచితనం అనుకునేవాణ్ని.

పోయినేడు కొత్త డాక్టరమ్మ వచ్చింది. మా అమ్మాయి వయసే ఉంటుంది గానీ, మాట మాత్రం హెడ్మాస్టరుది. చర్మాన్ని మండించే ఒకానొక సంకేతాన్ని ఒంట్లో అణిచిపెట్టే ఇంజెక్షన్లున్నాయి, ఇద్దాం అంది. దాంతోపాటు ఇంకో మాట కూడా అడిగింది. ఆ ఆస్పత్రిలో పరిశోధన జరుగుతోంది. మన పేగుల్లో, నోట్లో, చర్మం మీద కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి కదా, ఈ జబ్బున్నవాళ్లలో వాటి తీరు వేరుగా ఉంటుందా, ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మారుతుందా అని చూస్తున్నారు. మీరు చేరతారా? చేరితే మూడుసార్లు మలం శాంపిల్ ఇవ్వాలి. మొదటి ఇంజెక్షన్‌కు ముందు, మూడో నెలలో, ఆరో నెలలో.

నేనైతే కుర్చీలోంచి లేచేవాణ్ని. ఈవిడ ముఖం వెలిగిపోయింది. “అవన్నీ పేరుపేరునా తెలుస్తాయాండీ?” అని అడిగింది. ఎన్ని రకాలుంటాయి, ఎక్కడ్నుంచి వస్తాయి, టీ తాగితే చస్తాయా బతుకుతాయా? డాక్టరమ్మ చెప్పగలిగినన్ని చెప్పి, చివరికి “ఇంకా మాకే పూర్తిగా తెలీదమ్మా” అంది. ఆ జవాబు మా ఆవిడకు అన్నిటికన్నా నచ్చింది. “చూశారా, వాళ్లకీ తెలీదట!” అని దారి పొడుగునా అదే మాట.

శాంపిల్ డబ్బాలిచ్చే నర్సమ్మ మంచుగడ్డల సంచీ కూడా ఇచ్చింది. దాన్ని ఆస్పత్రికి మోసుకెళ్లే భాగ్యం నాది. లిఫ్టులో ఒక పెద్దమనిషి సంచీ చూసి, “భోజనమా అండీ?” అని పలకరించాడు. “ఒకప్పుడు భోజనమేనండీ” అన్నాను. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

రెండో నెలకల్లా వీపు మీద మచ్చలు వెలిసిపోయాయి. మూడో నెలకు మోచేతులు. ఒకరోజు పొద్దున్న పొట్టిచేతుల డ్రెస్సు వేసుకుని వచ్చి నా ముందు నిలబడింది. “ఎలా ఉంది?” అంది. ఇరవై ఏళ్ల కిందటి మోచేతులు అవి. “డ్రెస్సు బాగుంది” అన్నాను వెధవలాగా. ఆ రోజు బస్సులో ఒకావిడ వచ్చి ఆనుకుని కూర్చుందని, రెండు స్టాపులు దాటినా లేవలేదని ఇంటికొచ్చి చెప్పింది.

ఐదో నెల దాటాక ఒకరోజు నేను మర్చిపోయి టీలో రెండుసార్లు పంచదార వేశాను. ఆమె తాగి కప్పు కింద పెట్టింది. ఏమీ అనలేదు. నేను ఒక గుక్క తాగి అదిరిపడ్డాను.

“ఇది పానకంలా ఉంది కదా!” అన్నాను.

ఆమె కప్పులోకే చూస్తూ, “నాకు పది రోజుల్నించీ ఏదీ సరిగ్గా తెలియట్లేదండీ” అంది. “అన్నీ తడికాగితం నమిలినట్టున్నాయి. గదిలో రంగు చూసి, ఆకు చూసి, పక్కవాళ్లేం అంటారో విని నెట్టుకొస్తున్నాను.”

మూడు వారాల్లో పరీక్ష ఉంది. ప్రతి సీజనుకూ ముందు టేస్టర్లందరికీ పెడతారు. మూడేసి కప్పులుంటాయి. రెండింట్లో ఒకే టీ, ఒకదాంట్లో వేరే టీ. ఆ వేరేది ఏదో చెప్పాలి. అలా పన్నెండుసార్లు. తొమ్మిది సరిగ్గా చెబితేనే ఆ సీజనుకు చెంచా పట్టనిస్తారు. మా ఆవిడకు ఎప్పుడూ పన్నెండూ వచ్చేవి.

ఆ ఆదివారం భోజనాల బల్ల మీద నాచేతే పరీక్ష పెట్టించుకుంది. ఇంట్లో ఉన్న రెండు రకాల పొడులూ కాచి, ఆమెను అటు తిరగమని, కప్పులు మార్చి మార్చి పెట్టాను. కళ్లు మూసుకుని జుర్రింది, ఆలోచించింది, చూపించింది. పన్నెండింట్లో నాలుగొచ్చాయి.

“పర్లేదోయ్, నాలుగొచ్చాయిగా” అన్నాను.

“గుడ్డిగా చెప్పినా నాలుగొస్తాయండీ. మూడింట్లో ఒకటి” అంది. తర్వాత అద్దం దగ్గరికెళ్లి నాలుక బయటపెట్టి చాలాసేపు చూసుకుంది. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత, పాలవిరుగులా అక్కడక్కడా ముద్దలు. గీకితే కింద ఎర్రగా ఉంది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామన్నాను. వద్దంది. “ఇది ఆ ఇంజెక్షన్ వల్లే. చెబితే ఆపేస్తుంది.” అంతకు ముందెప్పుడూ ఆమె గొంతులో అలాంటి భయం వినలేదు. రోజుకు నాలుగుసార్లు నాలుక గీక్కోవడం మొదలుపెట్టింది. నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. నా పన్ను పీకించుకున్నప్పుడు మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు బల్ల సొరుగులో ఉన్నాయి. నోట్లో క్రిములు చేరుంటాయి, క్రిముల్ని చంపే మాత్రలు ఇవే కదా! నా తెలివికి నేనే మురిసిపోయి, ఐదు రోజులు నా చేతుల్తో మాత్ర, మంచినీళ్లు అందించాను.

ఐదో రోజుకు పూత గొంతు దాకా పాకింది. మింగితే మంట, పైగా విరేచనాలు. ఆ మర్నాడే మూడో శాంపిల్ ఇవ్వాల్సిన రోజు.

నర్సమ్మ కాగితం చూస్తూ వరసగా ప్రశ్నలు చదువుతోంది. నిద్ర ఎలా ఉంది, ఊరు మారారా, భోజనంలో మార్పులున్నాయా? “ఈ మూడు నెలల్లో యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?” లేదనెయ్యమన్నట్టు నేను మా ఆవిడ కాలు తొక్కాను. వాడామంటే ఎందుకంటుంది, ఎందుకో చెబితే నాలుక సంగతి బయటపడుతుంది.

“వాడానండీ. ఐదు రోజులు. నిన్నటిదాకా” అంది మా ఆవిడ. ఆ వెంటనే నా వైపు తిరిగి, “కాలు తీయండి” అంది.

నర్సమ్మ పెన్ను కింద పెట్టేసింది. ఈ శాంపిల్ ఇక పనికిరాదంది. ఎందుకు వాడారో విని, టార్చి తెచ్చి నోరు చూసి, డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఆ రెండు నిమిషాల్లో నేను మా ఆవిడను అడిగాను, ఎందుకు చెప్పావని. “లేదంటే నా శాంపిల్ చూసి, ఇంజెక్షన్ వల్లే పేగుల్లో ఇలా అయిందని రాసుకుంటారు కదండీ. తప్పు నేను చేసి, ఇంజెక్షన్ మీదకి తోయనా?” అంది.

డాక్టరమ్మ చూసి, “ఇది ఈస్టమ్మా. ఒక రకం ఫంగస్. ఈ ఇంజెక్షన్లు వాడేవాళ్లలో కొందరికి వస్తుంది. మొదట్లోనే చెప్పాను, నోట్లో పూతొస్తే రమ్మని” అంది. చెప్పే ఉంటుంది. మచ్చలు పోతాయన్న మాట విన్నాక మా చెవులకు ఇంకేమీ ఎక్కి ఉండదు.

“ఎక్కణ్నించి వచ్చింది?” అని అడిగింది మా ఆవిడ. మింగడానికే కష్టంగా ఉన్నా ప్రశ్నలు మాత్రం ఆగలేదు.

“ఎక్కణ్నించీ రాలేదు. చాలామంది నోళ్లలో కొద్దిగా ఉంటుంది, ఏ గొడవా చేయదు. చుట్టూ ఉన్న బ్యాక్టీరియా దాన్ని కాళ్లు చాపుకోనివ్వదు. దానికి తోడు, ఒంట్లో ఒక సంకేతం దాన్ని అదుపులో పెడుతుంది. ఇంజెక్షన్ తగ్గించేది ఆ సంకేతాన్నే.”

మా ఆవిడ తన మోచేతుల వైపు చూసుకుంది. “అంటే నా మోచేతుల్ని ఇరవై ఏళ్లు కాల్చుకు తిన్నదీ, నా నాలుకని కాపాడిందీ ఒకటేనా?”

“చాలావరకు అంతే.”

“మరి నా మాత్రలు?” అన్నాను నేను, వినీవినబడకుండా.

“మీ మాత్రలు బ్యాక్టీరియాని చంపుతాయి బాబాయ్‌గారూ, ఈస్ట్‌ని ముట్టుకోవు. అసలే కాపలా తగ్గిన ఇంట్లో ఇరుగుపొరుగుని కూడా మీరే తరిమేశారు.” బాబాయ్ అని పిలిచి మరీ వడ్డించింది.

పేగుల్లో కూడా ఇలాగే జరుగుతుందా అని మా ఆవిడ అడిగింది. ఈ జబ్బున్నవాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల తీరు వేరుగా ఉన్నట్టు కొన్ని పరిశీలనల్లో కనబడిందని, అది జబ్బుకు కారణమో ఫలితమో ఇంకా తేలలేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకోసారైతే దాని మీద ఇంకో అరగంట ప్రశ్నలు నడిచేవి.

చప్పరించే బిళ్లలు రెండు వారాలకు రాసిచ్చి, డాక్టరమ్మ అసలు విషయానికొచ్చింది. “ఈ పూత తగ్గుతుంది. కానీ మళ్లీ మళ్లీ రావచ్చు. వచ్చినప్పుడల్లా మందు వేసుకుంటూ ఇంజెక్షన్ కొనసాగించొచ్చు. లేదా ఆపేసి వేరే రకం చూడొచ్చు. అది మీ చర్మానికి ఇంత బాగా పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. మీ ఉద్యోగం సంగతి మీకే తెలుసు కాబట్టి అడుగుతున్నాను.”

“అడగడానికేముంది డాక్టరమ్మా, ఆపెయ్యండి” అన్నాను నేను. “ఆవిడ బతుకే ఆ నాలుక మీదుంది. మచ్చలదేముంది, ఇన్నాళ్లూ లేవా? ఎవరేమన్నారు?”

మా ఆవిడ నా వైపు తిరిగింది. ఇరవై ఏళ్లలో నన్ను ఆమె అలా చూడలేదు.

“ఎవరేమన్నారా? మీకేం తెలుసండీ?” అంది. “ఆ గదిలో కప్పు ముట్టుకునే ముందు అందరూ ఏం చేస్తారో తెలుసా? పొడి ఆకుని గుప్పెట్లోకి తీసుకుంటారు. నలుపుతారు, పిడికిట్లోకి ఊదుతారు, వాసన చూస్తారు. సగం సంగతి అక్కడే తెలిసిపోతుందంటారు పెద్దాయన. జబ్బొచ్చిన మొదటేడు తెల్లపళ్లెంలో ఆకు నలుపుతుంటే నా చేతి మీంచి ఒక పొలుసు రాలి అందులో పడింది. ఎవరూ చూడలేదు. నేనే ఏరి తీసేశాను. ఆ రోజు నుంచీ నేను ఆకు ముట్టుకోలేదు. ఇరవై ఏళ్లు. చెంచాతో కదిపి, వంగి వాసన చూసి, ముట్టుకున్నట్టే నటించాను. ఎవరూ నన్ను ముట్టుకోవద్దనలేదు. నాకు నేనే అనుకున్నాను.” గొంతు బొంగురుపోయింది. ఏడుపో, ఫంగసో. “నాలుక పోతే ఉద్యోగం పోతుంది, అంతే కదా? చూద్దాం. ఇంజెక్షన్ ఆపొద్దు డాక్టరమ్మా.”

నాకు సిగ్గేసింది. భార్య చర్మం గురించి తెలిసినవాణ్నని, మందుల పేర్లన్నీ కంఠతా వచ్చని చెప్పుకు తిరిగేవాణ్ని. నాకు తెలిసింది మందుల పేర్లే.

మర్నాడు ఆమె పెద్దాయన దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. మూడు వారాలుగా నెట్టుకొచ్చిన సంగతి కూడా. ఆ మూడు వారాల్లో ఆమె మాట చెప్పిన సరుకంతా ఇంకొకరితో మళ్లీ రుచి చూపించమంది. ఆయన ఆ పని చేయించాడట. పరీక్ష రోజుకు పూత సగమే తగ్గింది. పన్నెండింట్లో ఏడొచ్చాయి. ఆ సీజనుకు టేస్టర్ల జాబితాలోంచి ఆమె పేరు తీసేశారు. ఇంకో పది రోజులకు నాలుక తేరుకుంది. కానీ నియమం నియమమే, మళ్లీ పరీక్ష వచ్చే ఏడాదే. అప్పటికి పూత రెండుసార్లు రావచ్చు, నాలుగుసార్లు రావచ్చు, రాకపోనూవచ్చు. డాక్టరమ్మ అడిగిందని ఇంకో వరస శాంపిళ్లు మాత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. మంచుగడ్డల సంచీ మళ్లీ నా నెత్తికెక్కింది.

ఈ సీజనుకు వేరే పని ఏదైనా ఇస్తామంటే ఆమె కింది అంతస్తులోని ఆకు గోదాము అడిగింది. వచ్చిన పెట్టెల్ని తెరిచి, పైకి పంపొచ్చో లేదో పొడి ఆకు చూసి చెప్పే పని. జీతం తక్కువ, కిటికీలు లేవు, దుమ్ము. నాకు మనసొప్పలేదు.

రెండు వారాల తర్వాత అక్కడి సరుకు లిఫ్టు మొరాయిస్తే నన్ను పిలిచారు. పని ముగించి గోదాములోకి తొంగిచూశాను. ఓదార్పు మాటలు నాలుగు సిద్ధం చేసుకునే వెళ్లాను. వచ్చే ఏడాది నీ చెంచా నీకొస్తుంది లాంటివి. ఆమె నన్ను చూడలేదు. పొట్టిచేతుల డ్రెస్సులో ఒక పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా ఆకులో ముంచి ఉంది. కళ్లు మూసుకుని వేళ్లు కదుపుతోంది. గుప్పెడు పైకి తీసి నలిపి, పిడికిట్లోకి ఊది, ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ ముంచింది. ఒక పెట్టెకు అన్నిసార్లు అక్కర్లేదని నాకు కూడా తెలుసు.

“ఏంటోయ్, ఎలా ఉంది?” అన్నాను.

ఆమె కళ్లు తెరిచింది. చెంపల మీద ఆకు దుమ్ము, దాని మీద తడి చారలు.

“అడుగున తేమ ఉందండీ, ఇది పైకి పంపను” అంది. “మీరు వెళ్లండి. ఇంకా పదకొండు పెట్టెలున్నాయి.”